బగ్ పోయినా టెస్టు మిగలాలి

ఒక ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టును నమ్మవచ్చా లేదా అని తేల్చుకోవడానికి చాలామంది గిట్‌హబ్‌లో దానికి ఎన్ని స్టార్లు పడ్డాయో, చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూస్తారు. నేను ముందుగా చూసేది వేరే. ఎప్పుడో మూసేసిన బగ్ రిపోర్టు ఒకటి తెరిచి, ఆ తప్పును దిద్దినప్పుడు కోడ్‌తో పాటు ఒక టెస్టు కూడా చేర్చారో లేదో చూస్తాను. చేర్చి ఉంటే ఆ తప్పు ఎవరికీ తెలియకుండా మళ్లీ రావడం కష్టం. చేర్చకపోతే, దిద్దినవాళ్లు ఆ ప్రాజెక్టులో ఉండి, ఆ సంగతి గుర్తుపెట్టుకున్నంత కాలమే ఆ దిద్దుబాటుకు భద్రత. ఇంత చిన్న అలవాటుకు అంత విలువ ఎందుకో చెప్పాలంటే, టెస్టు అనేది ఏం చేస్తుందో మొదట చూడాలి.

టెస్టు అంటే ప్రోగ్రామును పరీక్షించే మరో చిన్న ప్రోగ్రాము. ఫలానా ఇన్‌పుట్ ఇస్తే ఫలానా జవాబు రావాలని అందులో రాసిపెడతారు. నడిపినప్పుడు ఆ జవాబే వస్తే పాస్, వేరేది వస్తే ఫెయిల్. మనిషి కూర్చుని బటన్లు నొక్కి చూసుకుంటే ఆ పరీక్ష ఆ పూటతో సరి. రాసిపెట్టిన టెస్టునైతే ఎవరైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా నడపవచ్చు. రాసినవాళ్లు పక్కన ఉండనక్కర్లేదు.

ఓపెన్‌సోర్స్‌కు ఇదే ప్రాణాధారం. కంపెనీలో అయితే పక్క సీటులో సీనియర్ ఉంటాడు, విడిగా టెస్టింగ్ టీం ఉంటుంది, రిలీజుకు ముందు అందరూ కూర్చునే మీటింగ్ ఉంటుంది. ఓపెన్‌సోర్స్‌లో ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్లు, వేర్వేరు దేశాల్లో, తమకు వీలైన వేళల్లో పనిచేస్తారు. ఉద్యోగం మారిందనో, బిడ్డ పుట్టిందనో, ఆసక్తి తగ్గిందనో మానేస్తారు. ఒక వరుస కోడ్ అక్కడ ఎందుకుందో తెలిసిన మనిషి వెళ్లిపోతే ఆ కారణం కూడా వెళ్లిపోతుంది. ఆ కారణాన్ని పట్టి ఉంచేది టెస్టు. కొత్తగా వచ్చినవారు తెలియక ఆ వరుస తీసేస్తే, ఎవరూ గుర్తుచేయకుండానే టెస్టు ఫెయిలై అడ్డుపడుతుంది.

జంతువుల పేర్లున్న యంత్రాలు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అలవాటు చాలా సాదాగా ఉంటుంది. ఒక ఫైల్లో డేటాబేస్‌ను అడగాల్సిన ప్రశ్నలు, మరో ఫైల్లో రావాల్సిన జవాబులు ముందే రాసి ఉంటాయి. టెస్టు నడిపితే ప్రశ్నలన్నీ అడిగి, వచ్చిన జవాబులను ఆ రెండో ఫైలుతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఒక్క చుక్క తేడా వచ్చినా చూపిస్తుంది. ఎక్కడ ఏం తేడా వచ్చిందో కంటికి కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు కూడా అర్థమవుతుంది.

చిక్కల్లా ఆ టెస్టు ఎక్కడ నడుస్తోంది అన్నదే. ఒకరి ల్యాప్‌టాప్‌లో పాసైనది వేరే ప్రాసెసర్ మీద, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఫెయిల్ కావచ్చు. భాషా సెట్టింగులు మారితే పదాల వరుసక్రమం మారుతుంది. దశాంశ సంఖ్యల చివరి అంకె మారుతుంది. ఇన్ని రకాల యంత్రాలు ఏ ఒక్కరి దగ్గరా ఉండవు. అందుకే 2004లో ఆండ్రూ డన్‌స్టన్ బిల్డ్‌ఫార్మ్ అనే ఏర్పాటు మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు తమ దగ్గరున్న యంత్రాలను ఇందులో చేరుస్తారు. ఒక్కో యంత్రానికి ఒక జంతువు పేరు పెడతారు. ప్రధాన కోడ్‌లో మార్పు పడితే ఈ యంత్రాలు దాన్ని దించుకుని, కంపైల్ చేసి, టెస్టులన్నీ నడిపి, ఫలితాన్ని అందరూ చూడగలిగే పట్టికలో పెడతాయి. ఒక యంత్రం దగ్గర ఫెయిలైనట్టు ఎరుపు కనిపిస్తే, మార్పు చేసినవారు వెంటనే దిద్దాలి, లేదా ఆ మార్పును వెనక్కి తీసుకోవాలి. ఆ సమూహంలో ఇది మర్యాదగా స్థిరపడింది.

పెర్ల్ భాషవాళ్లు ఇలాంటి పని అంతకంటే ముందే, 1998లో, సీపాన్ టెస్టర్స్ పేరుతో మొదలుపెట్టారు. ఎవరైనా ఒక మాడ్యూల్‌ను అందరికోసం అప్‌లోడ్ చేస్తే, వాలంటీర్లు దాన్ని తమ తమ యంత్రాల మీద పరీక్షించి రచయితకు రిపోర్టు పంపేవారు. మాడ్యూల్‌ను దించుకునే వాడుకరి దగ్గర కూడా, ఇన్‌స్టాల్ అయ్యేముందు దాని టెస్టులు నడవడం అక్కడ మామూలు పద్ధతి. టెస్టు రాయకుండా మాడ్యూల్ పెట్టడానికి మొహమాటపడే వాతావరణం అలా ఏర్పడింది.

లినక్స్ కెర్నెల్ దారి వేరు. దాని కోడ్‌లో ఎక్కువ భాగం హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లే. ఆ పరికరం చేతిలో లేనివారు దాన్ని పరీక్షించలేరు. అందుకే ప్రతి వెర్షన్‌కు ముందు వారానికొకటి చొప్పున రిలీజ్ కాండిడేట్లు వదులుతారు. ప్రపంచం నలుమూలలా ఉన్నవాళ్లు తమ యంత్రాల మీద నడిపి చెబుతారు. పరీక్షించినవారి పేరు ఆ మార్పు చరిత్రలో నమోదవుతుంది. కెర్నెల్ లోపలి ముక్కలను విడిగా పరీక్షించే కేయూనిట్ చట్రం 5.5 వెర్షన్‌తో 2020 జనవరిలో గానీ రాలేదు. 1991లో మొదలైన ప్రాజెక్టుకు అది ఆలస్యమే. అంతకాలం ఆ భారం మోసినవాళ్లలో వాడుకరులదే పెద్ద వాటా.

ఒకటికి 590

ఈ అలవాటును చివరిదాకా తీసుకెళ్లింది ఎస్‌క్యూలైట్. 2000 సంవత్సరంలో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఈ చిన్న డేటాబేస్ ఇవాళ ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంది. మీ కాంటాక్టులు, మెసేజీలు, బ్రౌజర్ చరిత్ర దాచేది ఎక్కువగా ఇదే. 2023లో వచ్చిన 3.42 వెర్షన్ నాటికి దాని కోడ్ సుమారు 1,55,800 వరుసలు. దాన్ని పరీక్షించే కోడ్ సుమారు 9 కోట్ల 20 లక్షల వరుసలు. అంటే ఒక వరుస కోడ్‌కు 590 వరుసల టెస్టు.

అన్ని వరుసలతో ఏం పరీక్షిస్తారు? ఒక్క ఉదాహరణ చూద్దాం. ప్రోగ్రాము పనిచేస్తుండగా మెమరీ అయిపోతే ఏమవుతుంది? పెద్ద కంప్యూటర్ మీద ఇది దాదాపు జరగదు కాబట్టి, చాలామంది ప్రోగ్రామర్లు ఆ దారి వైపే చూడరు. ఎస్‌క్యూలైట్ టెస్టులు మెమరీ ఇచ్చే ఫంక్షన్ స్థానంలో తమ సొంత ఫంక్షన్ పెడతాయి. మొదటిసారి మెమరీ అడగగానే లేదని చెబుతాయి. డేటాబేస్ కూలిపోకుండా, డేటా చెడకుండా మర్యాదగా వెనక్కి తగ్గిందా అని చూస్తాయి. తరువాత అదే పని మళ్లీ చేయించి, రెండోసారి అడిగినప్పుడు లేదంటాయి. ఆపైన మూడోసారి, నాలుగోసారి. ఏ అడ్డూ తగలకుండా పని పూర్తయ్యేదాకా ఇలా సాగుతుంది. డిస్క్ మీద రాస్తుండగా లోపం వచ్చినప్పుడూ ఇదే పద్ధతి. రాత మధ్యలో కరెంటు పోయినట్టు నటించి, మళ్లీ తెరిచినప్పుడు ఆ లావాదేవీ పూర్తిగా జరిగి ఉందా, లేక అసలు జరగనట్టే ఉందా అని చూస్తారు. సగం జరిగి ఉండకూడదు.

దీనికి తోడు విమానాల సాఫ్ట్‌వేర్‌కు అడిగే ప్రమాణం ఒకటి ఎస్‌క్యూలైట్ తనకు తానే పెట్టుకుంది. దాని పేరు ఎంసీడీసీ. ఒక నిర్ణయంలో మూడు షరతులు ఉంటే, ఆ మూడింటిలో ప్రతి ఒక్కటీ విడిగా తుది నిర్ణయాన్ని మార్చగలదని టెస్టులు చూపించాలి. 2009లో ఎస్‌క్యూలైట్ దీన్ని నూటికి నూరు శాతం సాధించింది.

ఇక్కడ దాచకూడని విషయాలు రెండున్నాయి. ఎస్‌క్యూలైట్ కోడ్ ఎవరి హక్కులూ లేకుండా అందరికీ ఉచితం. అయితే నూరు శాతం పరీక్షించే టీహెచ్3 అనే టెస్టుల సంపుటి మాత్రం ఉచితం కాదు. బయటివారి కోడ్‌ను కూడా వాళ్లు మామూలుగా తీసుకోరు. కొద్దిమంది, ఏళ్ల తరబడి, అదే వృత్తిగా చేస్తున్న పని అది. వారాంతంలో రెండు గంటలు కేటాయించే వాలంటీరును ఆ కొలబద్దతో కొలవడం అన్యాయం. రెండో విషయం, కవరేజ్, అంటే టెస్టులు నడిపి చూసే కోడ్ వాటా, నూరు శాతమైన తరువాత కూడా ఎస్‌క్యూలైట్‌లో బగ్గులు దొరికాయి. ఇన్‌పుట్‌ను లక్షలసార్లు చిత్రవిచిత్రంగా మార్చి విసిరే ఫజింగ్ పనిముట్లు వచ్చాక అవి బయటపడ్డాయి. ఆ ప్రాజెక్టు వాటినీ తన రోజువారీ పరీక్షల్లో కలుపుకుంది.

మన ‘స్త్రీ’, మన ‘జ్ఞా’

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. ‘స్త్రీ’ అనే మాట కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది ఆరు యూనికోడ్ సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరూ ఈ వరుసలోనే దాచి ఉంటాయి. తెర మీద మాత్రం చివరన ఉన్న గుడిదీర్ఘం మొదటనున్న ‘స’ నెత్తిమీదికి వెళ్లాలి, ‘స’ తలకట్టు పోవాలి, త, ర ఒత్తులుగా మారి తమ తమ చోట్ల కూర్చోవాలి. ఈ అమరిక చేసే ఓపెన్‌సోర్స్ ఇంజన్ పేరు హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి.

దాన్ని నడిపించిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ తెలుగువారు కారు. మరి తెలుగు అక్షరాలు సరిగ్గా పడుతున్నాయని ఆయనకు ఎలా తెలియాలి? 2012 ప్రాంతంలో ఆయన ఎంచుకున్న దారి ఇది. వికీపీడియా వ్యాసాల నుంచి ఒక్కో భారతీయ లిపి పదాలు లక్షల్లో ఏరి, వాటిని హార్ఫ్‌బజ్‌తోనూ, విండోస్‌లో ఉండే యూనిస్క్రైబ్‌తోనూ అమర్పించి, ఫలితాలు పోల్చారు. ఫాంట్లు చేసేవాళ్లు అప్పటికే విండోస్ మీద సరిచూసుకుని ఉంటారు కాబట్టి ఆ పోలికకు అర్థముంది. అలా పోల్చిన తెలుగు పదాలు సుమారు 9,70,000. మార్పు చేసిన ప్రతిసారీ ఎన్ని సరిపోయాయి, ఎన్ని తేడా పడ్డాయి అనే లెక్కను ఆ మార్పుతో నమోదయ్యే కమిట్ సందేశంలోనే లిపివారీగా రాసేవారు. తెలుగులో తేడా పడే పదాలు చివరికి పదుల్లోకి దిగాయి. తెలుగు వికీపీడియాలో ఓపిగ్గా వ్యాసాలు రాసినవాళ్లు, తమకు తెలియకుండానే, ఆ ఇంజన్‌కు టెస్టులు రాసిపెట్టారు.

ఎవరైనా బగ్ చెబితే హార్ఫ్‌బజ్‌లో ఏం జరుగుతుందో కూడా చూడదగిందే. ఆ తప్పు కనిపించిన ఫాంట్‌లో అవసరమైన ఆకారాలు మాత్రమే ఉంచి, మిగతావి తీసేసి, చిన్న ఫైలుగా కుదిస్తారు. ఒక వరుసలో ఆ ఫాంట్ పేరు, ఇవ్వాల్సిన యూనికోడ్ సంకేతాలు, రావాల్సిన ఆకారాల జాబితా, ఒక్కొక్కటి ఎంత వెడల్పున ఎక్కడ కూర్చోవాలో రాస్తారు. ఒక బగ్‌కు ఒక వరుస చాలు. ఆ వరుస ఉన్నంతకాలం ఆ తప్పు ఎవరి కళ్లూ కప్పి తిరిగి రాలేదు.

ఇలాంటి జాగ్రత్త ఎందుకు కావాలో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఐఓఎస్ 11.2.5 నడిచే ఐఫోన్లలో ‘జ్ఞా’ అని ఒక ప్రత్యేక వరుసలో టైపు చేసి పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనిపించని ఒక విడదీసే సంకేతం, ఆపైన దీర్ఘం. అదీ ఆ వరుస. 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని దిద్దారు. ఆ అక్షరాలు అమర్చే కోడ్ ఓపెన్‌సోర్స్ కాదు కాబట్టి దానికి ఏయే టెస్టులు ఉండేవో బయటివాళ్లం చూడలేం. హార్ఫ్‌బజ్‌లో అయితే చూడగలం, లేని టెస్టును చేర్చగలం కూడా.

రాయని ఒక్క టెస్టు

టెస్టు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి హార్ట్‌బ్లీడ్ అనే బగ్‌ను మించిన ఉదాహరణ లేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది వెబ్‌సైట్లతో మన సంభాషణను రహస్యంగా ఉంచే లైబ్రరీ. 2012 మార్చిలో వచ్చిన దాని 1.0.1 వెర్షన్‌లో హార్ట్‌బీట్ అనే కొత్త సదుపాయం ఉంది. ఇటువైపు యంత్రం ఒక చిన్న సందేశం, దాని పొడవు పంపుతుంది. అటువైపు యంత్రం అదే సందేశాన్ని తిప్పి పంపి, తాను బతికే ఉన్నానని చెబుతుంది. ఒక్క బైట్ పంపి, పొడవు 64 వేల బైట్లు అని అబద్ధం చెబితే? సర్వర్ ఆ మాట నమ్మి, తన మెమరీలో పక్కనే ఉన్న 64 కిలోబైట్ల సరుకంతా తిప్పి పంపేది. అందులో పాస్‌వర్డులు ఉండవచ్చు, రహస్య తాళాలు ఉండవచ్చు.

ఈ సదుపాయానికి ఆధారమైన ప్రమాణపత్రంలో నియమం స్పష్టంగా ఉంది: చెప్పిన పొడవు మరీ ఎక్కువైతే ఆ సందేశాన్ని నిశ్శబ్దంగా పారేయాలి. ఆ ఒక్క వాక్యాన్ని టెస్టుగా మార్చి ఉంటే సరిపోయేది. తప్పుడు పొడవుతో సందేశం పంపు, జవాబు రాకూడదు. ఇంతే. కోడ్‌ను మరొకరు చదివారు కూడా. ఇద్దరు మనుషులు చూసినా తప్పించుకున్న బగ్ రెండేళ్లు బతికి, 2014 ఏప్రిల్ 7న లోకానికి తెలిసింది.

ఆ డెవలపర్లను తిట్టడం తేలిక. అప్పటికి ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దరిదాపుల్లో ఉండేవి. ఉచితంగా వాడుకున్న కంపెనీలు టెస్టు రాసే మనిషి జీతం గురించి ఆలోచించలేదు. అదే నెలలో లినక్స్ ఫౌండేషన్ ఇలాంటి మూలాధార ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే పథకం ప్రకటించింది. 2016 డిసెంబరులో గూగుల్ ఓఎస్‌ఎస్-ఫజ్ పేరుతో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు నిరంతరం ఫజింగ్ చేసిపెట్టే సేవ మొదలుపెట్టింది. టెస్టింగ్ అలవాటు వ్యక్తుల శ్రద్ధ మీద ఎంత ఆధారపడుతుందో, ఆ శ్రద్ధకు సమయం కొనిపెట్టేవాళ్ల మీద కూడా అంతే ఆధారపడుతుంది.

టెస్టుల్లో దాగిన దొంగ

2024 మార్చిలో ఇంకో రకం ప్రమాదం బయటపడింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే లైబ్రరీ. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా మంచి సహాయకుడిలా పనిచేసి, ప్రాజెక్టును నిర్వహించే మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. దాన్ని దాచింది టెస్టు ఫైళ్లలో. కుదించే లైబ్రరీకి కావాలని పాడుచేసిన ఫైళ్లతో టెస్టులుండటం సహజం. చదవడానికి వీలులేని ఆ బైనరీ ఫైళ్లను ఎవరూ తెరిచి చూడరు. కోడ్‌ను అనుమానంగా చూసే కళ్లు టెస్టులను నమ్మకంగా చూస్తాయి. ఆ నమ్మకాన్నే వాడుకున్నారు.

పట్టుకున్నది పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. వేరే పని మీద వేగం కొలుస్తుండగా, ఆ దొడ్డిదారి గురిపెట్టిన ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి వెళ్లే మార్గం) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం ఆయన గమనించారు. అంతకు కొన్ని వారాల ముందు పోస్ట్‌గ్రెస్ ఆటోమేటిక్ టెస్టుల్లో మెమరీ గురించి వచ్చిన ఒక వింత ఫిర్యాదు గుర్తుకొచ్చింది. రెంటినీ కలిపి కూపీ లాగారు. చిన్న తేడాను కూడా వదలని అలవాటున్న ప్రాజెక్టులో పనిచేసే మనిషికి అది కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇందులో పాఠం సూటిగా ఉంది. టెస్టులను కూడా కోడ్‌లాగే సమీక్షించాలి. బైనరీ ఫైలు వస్తే దాన్ని ఎలా తయారుచేశారో అడగాలి.

పాడు అలవాట్లు, మంచి మొదలు

టెస్టులున్నంత మాత్రాన అలవాటు బాగున్నట్టు కాదు. కవరేజ్ శాతం పెంచడానికి ప్రతి వరుసనూ నడిపించి, జవాబు సరైనదా కాదా అని అడగని టెస్టులు రాసేవారున్నారు. అలాంటి టెస్టు వల్ల ఆ వరుస నడిచిందని తెలుస్తుంది, సరిగ్గా నడిచిందని తెలియదు. ఒకసారి పాసై, మరోసారి ఫెయిలయ్యే టెస్టులు ఇంకా హానికరం. ఫెయిలైతే మళ్లీ నడిపిద్దాం అనే అలవాటు పడ్డాక, నిజమైన ఎరుపు వచ్చినా ఎవరూ పట్టించుకోరు. అన్నిటికంటే చెడ్డది, రిలీజ్ హడావుడిలో ఫెయిలయ్యే టెస్టును తీసేయడం. దానితో పాటు ఎప్పుడో ఎవరో కష్టపడి తెలుసుకున్న విషయం కూడా పోతుంది.

టెస్టులు నడిపించే ఖర్చు ఇప్పుడు సాకు కాదు. 2011లో ట్రావిస్ సీఐ అనే సేవ ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు ప్రతి మార్పుకూ టెస్టులు ఉచితంగా నడిపిపెట్టడం మొదలుపెట్టాక చిన్న ప్రాజెక్టుల తీరు మారింది. 2020 చివర్లో ఆ ఉచితానికి పరిమితులు వచ్చినా, అప్పటికే అలాంటి సేవ గిట్‌హబ్ యాక్షన్స్ వచ్చేసింది. కరువల్లా టెస్టు రాసే చేతులకే.

ఆ చేతులు మన దగ్గర లేకపోలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదువుతూ, ఓపెన్‌సోర్స్‌లో ఏదైనా చేయాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని విద్యార్థులు ఎంతోమంది. రీడ్‌మీ ఫైల్లో ఒక మాట మార్చి, దాన్ని చేర్చుకోమని పుల్ రిక్వెస్ట్ పంపడం చాలామందికి తొలి అడుగవుతోంది. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్‌సోర్స్ కార్యక్రమం ఇచ్చే టీషర్టు కోసం అలాంటి అర్థంలేని మార్పులు వెల్లువెత్తి మెయింటెయినర్లను విసిగించాయి. ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేస్తూ నిర్వాహకులు నిబంధనలు మార్చాల్సి వచ్చింది. అంతకంటే మేలైన మొదలు ఉంది. మీరు రోజూ వాడే ప్రాజెక్టులో తెరిచి ఉన్న పాత బగ్ ఒకటి తీసుకోండి. దాన్ని దిద్దడం మీకు రాకపోవచ్చు. ఆ తప్పును నిరూపించే టెస్టు ఒకటి రాయండి. ఏ ఇన్‌పుట్‌తో చెడుతోంది, ఏ జవాబు రావాలి అన్నది తేల్చితే మెయింటెయినర్ పనిలో పెద్ద భాగం మీరు చేసిపెట్టినట్టే. ఆ క్రమంలో కోడ్ మొత్తం మీకు అర్థమవడం మొదలవుతుంది.

కోడ్ రాయనివారికి కూడా ఇందులో చోటుంది. ఏదైనా యాప్‌లో తెలుగు ఒత్తు విరిగి కనిపిస్తే తిట్టుకుని ఊరుకోకండి. ఆ పదాన్ని బొమ్మగా మాత్రమే కాక అక్షరాలుగా కూడా కాపీ చేసి, ఫాంట్ పేరు, ఎలా కనిపించాలో తెలిపే చిత్రం జతచేసి ఆ ప్రాజెక్టుకు పంపండి. ఏది ఒప్పో ఏది తప్పో చెప్పగలిగేది ఆ భాష తెలిసినవారే. మీరు పంపిన ఆ పదం టెస్టుగా చేరితే, మీరు ఆ సంగతి మరిచిపోయాక కూడా ప్రతి మార్పుకూ అది నడుస్తుంది. తెలుగును చెడగొట్టే మార్పు ఏది వచ్చినా గడప దగ్గరే ఆపుతుంది.